ముట్టుకునే కంప్యూటరు

తిరుపతిలో ఆ ఆడపిల్లల కాలేజీకి కంప్యూటరు వచ్చిన రోజు దానికి జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఎనభై ఆరులో, దసరా సెలవులు ముగిసిన వారం. లారీ దిగిన పెట్టెకు గుమ్మడికాయతో దిష్టి తీశారు. దానికోసమే కట్టించిన అద్దాల గదిలో ఏసీ పెట్టారు, నేల మీద తివాచీ పరిచారు, తెరకు గంధం పూసి నడిమధ్య కుంకుమ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళగలిగింది ఇద్దరే. ఒకరు కరస్పాండెంట్ మునిరత్నం, రెండోవారు చల్లగాలి కోసం ఆయన వెనకే దూరిన ప్రిన్సిపాలు. పిల్లలకు మాత్రం అద్దం బయటి నుంచి దర్శనం. వరసలో రావాలి, చూడాలి, జరగాలి. కొండ మీద స్వామి ముందరైనా ఒక రెప్పపాటు నిలబడనిస్తారు, ఈ వాచ్‌మన్ అది కూడా ఇవ్వలేదు.

ఫిజిక్సు లెక్చరర్ పంకజాక్షి ఆ వరస పక్కనే నిలబడి పళ్ళు కొరుక్కుంటోంది. చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళింటి ఆడపిల్ల ఆమె. చిన్నప్పుడు మండీలో ఉన్న రేడియోను విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన రెండు మరలను బెల్లం దిమ్మెలో దాచిన ఘనురాలు. పెళ్ళై తిరుపతికి వచ్చాక కూడా ఆ దురద తగ్గలేదు. ఫిజిక్సు ల్యాబు వెనక ఒక చిన్న గది ఉంది. కాలేజీ విడిచాక అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి వైర్లు అతకడం, రేడియోలు కట్టడం నేర్పేది. ఆ కాలేజీ మొత్తంలో ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరు దొరికే చోటు అదొక్కటే.

వరసలో గురవమ్మ వంతు వచ్చింది. సత్యవేడు దగ్గర పల్లె నుంచి వచ్చిన సేద్యగాళ్ళ పిల్ల, ఆ వెనక గదికి రోజూ వచ్చే వాళ్ళలో ఒకతె. అరచెయ్యి అద్దానికి ఆనించి, "మేడమ్, ఆ మీటలు నొక్కితే కిందికి పోతాయా?" అని అడిగింది.

వాచ్‌మన్ ఆ చేతిని తీయించి, చెయ్యి ఆనిన చోట అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు. అలా తుడవడమే పంకజాక్షికి నషాళానికి అంటింది. నేరుగా గది గుమ్మం దగ్గరికి పోయింది.

"సార్, వారానికొక పూట ఈ గది నాకియ్యండి. పిల్లలు కూర్చుంటారు."

"ఏం చేసేదానికమ్మా?" అన్నాడు మునిరత్నం.

"నొక్కేదానికి."

ఆయన చెడ్డవాడేమీ కాదు. సినిమా హాలు నడిపి సంపాదించి, ఆడపిల్లలకు కాలేజీ పెట్టినవాడు. కానీ కొన్న వస్తువుకు తాళం వేస్తేనే అది తనదైనట్టు నమ్మే రకం. ఇంట్లో సోఫాకు కూడా ప్లాస్టిక్ కవరు తీయనివ్వడని చెప్పుకునేవాళ్ళు.

"పిల్లలు అదీ ఇదీ నొక్కితే చెడిపోదా? చెడిపోతే మద్రాసు నుంచి ఇంజినీరు రావల్ల."

"చెడిపోతే విప్పుతాం సార్. లోపల ఏముండాదో అప్పుడన్నా తెలుస్తాది."

లెక్చరర్లు కొందరు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు మునిరత్నానికి నచ్చలేదు.

"అంత తెలిసినదానివి, నువ్వే ఒకటి చేసుకోరాదా అమ్మా?"

"చేస్తా సార్."

వెనక్కి తీసుకోవడానికి వీల్లేని మాట అది. ఆయన అక్కడికక్కడే షరతు పెట్టాడు. వార్షికోత్సవం నాటికి చేసి అందరి ముందర నడిపించాలి. నడిస్తే పిల్లలు కంప్యూటరు ముట్టుకునేదానికి తాను అడ్డం రాడు. నడవకపోతే ల్యాబు వెనక గది పాత రికార్డులకు పోతుంది, కంప్యూటరు మాట ఆమె నోట మళ్ళీ రాకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు. ఈ పూజారి పందెం కూడా కాస్తాడు.

ఆ సాయంత్రమే పంకజాక్షి గాంధీ రోడ్డులో ధనంజయ కొట్టుకు వెళ్ళింది. రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు. విప్పిన టీవీల మధ్య ధనంజయ ఎప్పుడూ ఒక కాలు స్టూలు మీద పెట్టుకుని ఉంటాడు. ఆమెకంటే పెద్దవాడు, ఆమె కంటే మొండివాడు. ఇద్దరూ ఎలక్ట్రానిక్సు పత్రికలు ఒకరివి ఒకరు తీసుకుపోయి తిరిగివ్వని స్నేహితులు. సంగతి విని అతను సోల్డరింగ్ కడ్డీని పక్కన పెట్టాడు.

"మాట ఇచ్చేసి వస్తివా?"

"ఇచ్చేస్తి అన్నా."

"మంచిపని చేస్తివి. నాకూ ఎప్పట్నుంచో చెయ్యల్లనే ఉండాది. అడిగే దిక్కు లేక ఊరికే ఉండినా."

అంతవరకూ ఏకాభిప్రాయమే. ఆ తర్వాత ఏ ఒక్క వస్తువు దగ్గరా ఇద్దరికీ పొసగలేదు. సంతలో ఎద్దుల పళ్ళు పట్టి చూసేవాళ్ళు కూడా అంత వాదించుకోరు.

ముందు ప్రాసెసర్, అంటే లెక్కంతా చేసే చిప్పు. ధనంజయ ఎయిటీ-ఎయిటీఫైవ్ అన్నాడు. ఇంజినీరింగ్ కాలేజీల్లో దాన్నే చెబుతారు, పుస్తకాలు దొరుకుతాయి, దారి తప్పితే అడగడానికి మనుషులుంటారు. పంకజాక్షి జెడ్-ఎయిటీ అంది. దానికి అర్థమయ్యే ఆజ్ఞలు ఎక్కువ, చుట్టూ కట్టాల్సిన పనిముట్లు తక్కువ.

"అందరూ పోయే దోవన పోతే నష్టమేందమ్మా?"

"అందరూ పోయే దోవ అద్దాలగది కాడికి పోయి నిలబడింది గదన్నా."

అదేం జవాబని ధనంజయ గొణిగాడు కానీ జెడ్-ఎయిటీకి ఒప్పుకున్నాడు. అసలు రగడ మెమరీ దగ్గర మొదలైంది. మెమరీ చిప్పుల్లో రెండు జాతులు. డైనమిక్ అనేది చాలా పట్టుకుంటుంది, చవక. కానీ చెప్పింది రెప్పపాటులో మరిచిపోతుంది, మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తూ ఉండాలి. స్టాటిక్ అనేది పట్టుకునేది కొంచెమే, పైగా ప్రియం. కానీ ఒక్కసారి చెబితే కరెంటు ఉన్నంతసేపూ మరవదు.

"డైనమిక్కే," అన్నాడు ధనంజయ. "ఎనిమిదింతలు పడ్తాది. గుర్తుచేసే పని నీ జెడ్-ఎయిటీనే చూసుకుంటాది గదా."

"పొద్దస్తమానం మతిమరుపుదానికి గుర్తుచేస్తా కూర్చుంటే అది పనెప్పుడు చేస్తాదన్నా?"

"ఖాళీ దొరికినప్పుడే చేస్తాదమ్మా. పని మానుకుని చెయ్యదు. నీకు తెలీదా?"

తెలుసు. ఆ మాట నిజమే కాబట్టి పంకజాక్షి దాన్ని వదిలేసి ఇంకోవైపు నుంచి వచ్చింది. ఊళ్ళో దొరికే ఆ చవక రకానికి మూడు రకాల వోల్టేజీ కావాలి, స్టాటిక్‌కు ఐదు వోల్టులుంటే చాలు. మూడు చోట్ల తప్పు జరిగే వీలున్నదాన్ని ఏరికోరి ఎందుకు తెచ్చుకోవడం? పైగా పిల్లలు పేర్లు రాసుకోవాలి, చిన్న లెక్కలు చేయాలి. దానికి అంత మెమరీ ఎందుకు? ధనంజయ ఒక గంట వాదించి, టీ తెప్పించి, మళ్ళీ వాదించి చివరికి చేతులెత్తేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపని?

కరెంటు దగ్గర మాత్రం అతని మాటే నెగ్గింది. పంకజాక్షి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలని లెక్కగట్టి చూపించింది. లెక్క తప్పు కాదు, కానీ తిరుపతి కరెంటు లెక్క ప్రకారం వచ్చేది కాదు. "సాయంత్రం ఆరుకు నా కొట్లో బల్బు సూడు, దీపం బుడ్డి మాదిరి ఉంటాది," అన్నాడు ధనంజయ. ఆమె బల్బు వైపు చూసి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కే తలూపింది.

ఇక మీటలు. తాకితే చాలు పనిచేసే రేకు పలకలు వస్తున్నాయి, చవక, అరిగిపోవు అన్నాడతను. అక్కడ మాత్రం పంకజాక్షి అంగుళం జరగలేదు.

"కిందికి పోవల్ల అన్నా. నొక్కితే కిందికి పోయి, టక్కుమని పైకి రావల్ల."

"ఎందుకంత పట్టు?"

"ఒక పిల్ల అడిగింది."

మద్రాసుకు తెల్లవారుజాము బండిలో పోయారు. మౌంట్ రోడ్డు వెనక పాత ఎలక్ట్రానిక్ సామాన్ల సందు చూస్తే ఇద్దరూ ఆకలి మరిచిపోతారు. విమానాల్లోంచి, ఓడల్లోంచి, మూతపడిన ఫ్యాక్టరీల్లోంచి ఊడబెరికిన సామాను బస్తాల్లో పోసి అమ్ముతారు. ధనంజయ మొదటి బస్తా దగ్గరే కూలబడిపోయి, అవసరం లేని మీటర్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు. పంకజాక్షి అతన్ని చెయ్యి పట్టి లేవదీయాల్సి వచ్చింది.

చిప్పులు చూడ్డంలో ఆమెకొక పద్ధతి ఉంది. ముందు కాళ్ళు చూసేది. ఒకసారి అతికి ఊడదీసినదానికి కాళ్ళ మీద మసక ఉంటుంది. తర్వాత వీపు మీద నంబరు. చిత్తూరు మండీలో నాయన బెల్లం దిమ్మెను విరిచి చూసేవాడు గానీ పైన పూత చూసి కొనేవాడు కాదు. చిప్పును విరవడానికి లేదు కాబట్టి ఆమె ఇంటి నుంచి స్పిరిట్ సీసా, దూది తెచ్చుకుంది. ఒక కొట్టువాడు జెడ్-ఎయిటీ అని ఇచ్చినదాన్ని దూదితో రుద్దింది. పైనంబరు చెరిగిపోయి కింద ఇంకో నంబరు కనిపించింది.

కొట్టువాడు అన్నీ ఒకటేనమ్మా అని అరవంలో సర్దిచెప్పబోయాడు. పంకజాక్షి అంతకంటే మంచి అరవంలో, అన్నీ ఒకటైతే రేపు నీ పెళ్ళికి ఏ పిల్లనైనా పీట మీద కూర్చోబెడతారా అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు కూడా నవ్వి, లోపలి డబ్బా తీశాడు. అందులో నల్లటి స్పంజిలో గుచ్చి మెరిసే కాళ్ళతో అసలైనవి ఉన్నాయి. జెడ్-ఎయిటీ, స్టాటిక్ మెమరీ చిప్పులు అక్కడే తీసుకుంది. మీటల పలక ఇంకో కొట్లో దొరికింది. ఏదో విదేశీ యంత్రానిది. నొక్కితే కిందికి పోయి టక్కుమని పైకి వచ్చింది. పంకజాక్షి రోడ్డు మీదే నిలబడి దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉంటే, "ఆగమ్మా, ఇంటికి పోయేలోగా అరగదీసేట్టుండావు," అన్నాడు ధనంజయ.

బోర్డు కట్టడం ఆ వెనక గదిలోనే. పిల్లలు వైర్లు కోసేవాళ్ళు, గురవమ్మ అతికేది, ధనంజయ కొట్టు మూసి వచ్చి ప్రతి అతుకునూ తిట్టేవాడు. తెరగా అతని కొట్లో ఎవరో వదిలేసిపోయిన నలుపు తెలుపు టీవీ. చిప్పుల్ని చివర్లో గుచ్చాలి కాబట్టి, అంతవరకూ నల్ల స్పంజిలో ఉంచి, ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంకజాక్షి తన ఇంట్లో దాచింది.

మాఘమాసం చివర్లో అన్నీ గుచ్చి కరెంటు పెట్టారు. టీవీ తెర నిండా చెత్త అక్షరాలు నిలబడ్డాయి. మీటలు నొక్కితే ఏ ఒక్కటీ కదల్లేదు. అతుకులన్నీ మళ్ళీ చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ చూశారు. ప్రాసెసర్ బతికే ఉందని మీటరు చెబుతోంది. తప్పు మెమరీలో ఉంది.

"నేను సెప్తే వినకపోతివి," అన్నాడు ధనంజయ. "డైనమిక్ అయితే ఈ పాటికి నడుస్తా ఉండేది."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనన్నా. నువ్వు సరిచూసిన అతుకుల్లోనే ఏదో తప్పుండాది."

అతను కడ్డీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత కొన్నాళ్ళు రాలేదు. కాలేజీలో గోడలకు కూడా నోళ్ళుంటాయి కదా, సంగతి మునిరత్నం దాకా పోయింది. మరుసటి సోమవారం ఆఫీసు అటెండరు ఎల్లప్ప ఇద్దరు కూలీలతో ఇనుప బీరువా మోయించుకుని ల్యాబుకు వచ్చాడు. వెనక గదిలో పెట్టమని సారు చెప్పారన్నాడు.

పంకజాక్షి గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"వార్షికోత్సవం అయిపోయిందా ఎల్లప్పా?"

"ఇంగా లేదు మేడమ్."

"అయితే మీ సారుతో సెప్పు. ఆ దినం దాకా ఈ గది నాది. ఆలోగా బీరువా లోపలికి పోవల్లంటే నన్ను తొక్కుకుని పోవల్ల."

ఎల్లప్ప కాసేపు ఆలోచించి బీరువాను వరండాలోనే దింపించాడు. పంకజాక్షి సాయంత్రం దాకా ఆ స్టూలు దిగలేదు. పైకి అంత బింకంగా ఉన్నా లోపల భయంగానే ఉంది. నడవని మిషను కోసం ఎంత కొట్లాడితే మాత్రం ఏం లాభం? పిల్లలకు ఉన్న ఒక్క గది తన నోటి దురదతో పోగొడుతోందేమోనని ఏడుపు కూడా వచ్చింది. ఏడవలేదు. ఎల్లప్ప ఎదురుగా ఏడవడం ఇష్టం లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ముఖం చూసి అత్త సుబ్బులమ్మ అడిగింది. పంకజాక్షి భర్త జయరామ్ రేణిగుంటలో గోడౌన్లు చూసుకునేవాడు. అత్తాకోడళ్ళ మాటల్లో తలదూర్చకపోవడమే తన ఆరోగ్యానికి మంచిదని ఎప్పుడో తెలుసుకున్నవాడు కాబట్టి పెరుగన్నం మీదే చూపు పెట్టాడు. పంకజాక్షి సంగతంతా చెప్పింది.

"దేవుని ముందర పెట్టినా గూడా పనిచెయ్యలేదంటే మీ సేతుల్లోనే ఏదో లోపం ఉండాది," అంది సుబ్బులమ్మ.

"దేవుని ముందర ఏం పెట్టినారత్తా?"

"ఆ బిస్కెట్ల డబ్బాలో ఉండేటివే. ఇంటికి కొత్త వస్తువొస్తే దేవునికి సూపించకుండా వాడుకుంటామా? నీకు తీరిక యాడిది. నువ్వు కాలేజీకి తీసకపోయేదానికి ముందు శుక్రవారం మడి కట్టుకుని నేనే పెడ్తి. ఆ నల్ల పీచు మసి మాదిరి ఉండాదని అన్నీ ఊడదీసి, పట్టుసీర కొంగుతో ఒక్కొక్కటీ బాగా తుడిసి, దేవుని పట్టుగుడ్డలో పెట్టి హారతిస్తి. మళ్ళీ ఎట్లుండేవి అట్లే గుచ్చి పెట్టినాలే."

పంకజాక్షి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చలి తగ్గి ఎండ తిరిగిన రోజులు, గాలిలో తడి లేదు. పట్టుతో రుద్దితే పుట్టే కరెంటు మన వేలికి తెలియదు గానీ ఆ చిప్పుల ప్రాణం తీయడానికి చాలు. అది ఒంటికి పట్టకుండా చూసేది ఆ నల్ల స్పంజే. ప్రాసెసర్ ఏదో గట్టిపిండం కాబట్టి బతికింది. తాను పోరాడి గెలిపించిన స్టాటిక్ మెమరీ ఆ దెబ్బకే పోయింది.

"పూజ చేసి చంపినారత్తా వాటిని," అంది. ఇంటిల్లిపాదికీ వినపడేంత గొంతుతో అంది.

పట్టు రుద్దితే పిడుగు లాంటిది పుడుతుందంటే సుబ్బులమ్మ నమ్మలేదు. పంకజాక్షి కాగితం చిన్న ముక్కలుగా చించి నేల మీద చల్లింది. దువ్వెన తీసుకుని దేవుని పట్టుగుడ్డతో రుద్ది పైన పట్టింది. ముక్కలు ఎగిరి దువ్వెనకు అతుక్కున్నాయి. సుబ్బులమ్మ వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"మడిబట్ట గదే. దీంట్లో పిడుగు యాడుండాదే?"

"శానా చిన్న పిడుగు. మనకు తెలీదు, వాటికి తెలుస్తాది. మీరు ఇంకెప్పుడూ నా సామాన్లు ముట్టుకోవద్దత్తా."

సుబ్బులమ్మ దువ్వెనకు అతుక్కున్న కాగితం ముక్కల్ని ఒక్కొక్కటే ఏరింది. తర్వాత తాపీగా అంది.

"ముట్టుకోవద్దంటాండావు. మీ కరస్పాండెంటు గూడా అదే గదే అంటాండాడు. తెలీనోళ్ళు ముట్టుకుంటే సెడిపోతాదని. నీకూ ఆయనకూ తేడా ఏముండాది?"

జయరామ్ తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. పంకజాక్షి కోపం అలాగే ఉంది, కానీ ఎవరి మీదో తెలియలేదు. ఆమె లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, పాడైన చిప్పుల్లో ఒకటి తెచ్చి అత్త ముందు పెట్టింది.

"ముట్టుకోండి. అయితే ముందు ఆ ఇనుప కొళాయి పట్టుకోండి. ఒంట్లో ఉండే కరెంటు దాంట్లోకి దిగిపోతాది. తర్వాత దీన్ని పట్టుకోండి, కాళ్ళు తగలకుండా ఈ కొనా ఆ కొనా."

సుబ్బులమ్మ పెరట్లోకి వెళ్ళి కొళాయి పట్టుకుని వచ్చి, చిప్పును రెండు వేళ్ళతో ఎత్తింది. "ఇంతేనా? ఈ మాట ముందే సెప్పిండొచ్చు గదా," అంది. చెప్పి ఉండొచ్చు. నిజమే.

పొద్దున్నే పంకజాక్షి ధనంజయ కొట్టుకు పోయి, "అతుకుల తప్పు కాదన్నా," అని అత్త పట్టుచీర సంగతి చెప్పింది. అతను స్టూలు మీద కాలు తీయకుండా, "డైనమిక్ అయినా పట్టుకు సచ్చే ఉండేదిలే," అన్నాడు. వాళ్ళిద్దరికీ రాజీ అంటే అదే. మధ్యాహ్నం బస్సుకు అతనే మద్రాసు పోయి, ఆమె చెప్పిన స్టాటిక్ చిప్పులే తెచ్చాడు. పాతవి పీకి, కొత్తవి గుచ్చి, మీట నొక్కారు. తెర శుభ్రమైంది. గురవమ్మ ఒక అక్షరం నొక్కితే అది తెర మీద నిలబడింది. వెనక గదిలో పిల్లలు పెట్టిన కేకకు వరండాలో బీరువా పక్కన కునుకుతున్న ఎల్లప్ప లేచి కూర్చున్నాడు.

వార్షికోత్సవం రోజు హాలంతా పట్టుచీరలే. పిల్లలు పట్టు లంగా ఓణీల్లో మెరిసిపోతున్నారు. పంకజాక్షి ఒక్కతే వెలిసిన నూలు చీరలో వచ్చింది. మునిరత్నం ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"పండగ పూట ఇదేం చీరమ్మా? పెద్దలొస్తా ఉండారు."

"పని చేసే చీర సార్," అంది ఆమె.

బోర్డును మూతా గీతా లేకుండా, లోపలి చిప్పులన్నీ కనపడేలా బల్ల మీద పెట్టింది. గురవమ్మ వచ్చి కూర్చుని, మీటలు ఒక్కొక్కటే వెదికి నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు పాత టీవీ తెర మీద లేచింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే తన ఊరి పేరు కూడా కొట్టింది. హాలు చప్పట్లతో మోగింది. వెనక వరసలో ధనంజయ ఎవరితోనో, కరెంటు సంగతి తానే చూశానని చెబుతున్నాడు.

మునిరత్నం అందరికంటే ఎక్కువ సంతోషించాడు, అందులో అబద్ధం లేదు. మైకు అందుకుని, ఇది మా కాలేజీలో పుట్టిన కంప్యూటరు అన్నాడు. జిల్లాలో ఇంకెక్కడా లేదన్నాడు. ఎల్లప్పను కర్పూరం పళ్ళెం తెమ్మన్నాడు.

"రేపటి నుంచి దీన్ని గూడా అద్దాల గదిలో పెద్దదాని పక్కన పెట్టిస్తా. ఎవరొచ్చినా సూపించొచ్చు. పంకజాక్షమ్మ పేరు కింద బోర్డు మీద రాయిస్తా."

పంకజాక్షి దగ్గరికి వెళ్ళింది. "సార్, నడిస్తే పిల్లలు ముట్టుకునేదానికి అడ్డం రానన్నారు."

"ముట్టుకున్నారు గదమ్మా. ఆ పాప ఇప్పుడే గదా ముట్టుకునింది. నేనేమన్నా అడ్డం వచ్చినానా?"

ముందు వరస నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, సినిమా హాలు లెక్కల్లో ఆరితేరిన నవ్వు. వెనక గది నిలబడింది, మాట నిలబడింది, మిషను మాత్రం తాళంలోకి పోతోంది. ఓడిపోతే ఎలా ఉండేదో ఆమె ఎన్నోసార్లు ఊహించుకుంది. గెలిస్తే ఇలా ఉంటుందని మాత్రం ఊహించలేదు. ఒళ్ళంతా మండింది.

ఎల్లప్ప కర్పూరం పళ్ళెంతో వచ్చేలోగా ఆమె స్విచ్చి కట్టేసింది. గురవమ్మ పేరు తెర మీద నుంచి పోయింది. స్క్రూడ్రైవరు కొన పెట్టి ప్రాసెసర్‌ను ఒక పక్క కొంచెం, ఇంకో పక్క కొంచెం లేపి బయటికి తీసింది.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు మునిరత్నం.

ఆమె మెమరీ చిప్పులు తీసింది. మిషను ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము రాసి ఉన్న చిప్పు తీసింది. ధనంజయకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. హాలు వెనక నుంచి పరుగున వచ్చి, బల్ల కింద ఉన్న బిస్కెట్ల డబ్బాలోంచి నల్ల స్పంజిని తీసి ముక్కలుగా చించి బల్ల మీద పెట్టసాగాడు. ఒక్కో చిప్పునూ ఒక్కో ముక్కలో గుచ్చి, పంకజాక్షి తన గది పిల్లల్ని పేరుపేరునా పిలిచింది.

"పట్టు కట్టుకుని ఉండారు. ముందు పోయి ఆ బయటి కొళాయి పట్టుకుని రండి."

పిల్లలు వరసగా బయటికి పోయి, కొళాయి పట్టుకుని, వరసగా వచ్చారు. ఎవరూ వాళ్ళను జరగమనలేదు. ఆమె ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముక్క పెట్టి, అదేమిటో, ఏ పని చేస్తుందో చెప్పింది. నీ దగ్గరే పెట్టుకో, రేపు సాయంత్రం గదికి పట్టుకురా అంది. ప్రాసెసర్‌ను గురవమ్మకు ఇచ్చింది. గురవమ్మ దాన్ని పిడికిట్లో మూసుకుని, ఆ పిడికిలిని ఇంకో చేత్తో పట్టుకుంది. మీటల పలక ఇద్దరు పిల్లలు చెరో కొన పట్టుకుని తీసుకుపోయారు.

మిగిలిన ఖాళీ బోర్డును పంకజాక్షి తెచ్చి మునిరత్నం చేతుల్లో పెట్టింది.

"అద్దాల గదిలో పెట్టించండి సార్. తాళం గూడా వేసుకోండి."

ఆయన బోర్డు మీది చిల్లుల వైపు, పిల్లల మూసిన పిడికిళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. కర్పూరం పళ్ళెం పట్టుకున్న ఎల్లప్ప ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"మరి ఇంక ఇది నడిచేదెట్లమ్మా?"

"పిల్లలందరూ వస్తే నడుస్తాది సార్," అంది పంకజాక్షి.